ఏలినవారి ముక్కు అరిగిన వైనం

వెండి నాణెం ఒకటి వెయ్యి చేతులు మారి మారి చివరకు అరిగిపోతే, ఆ అరుగుదలకు శిక్షగా ఎవరి చెయ్యి నరకాలి?

ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పగల పండితులు జీతాలు అందుకుంటున్నందువల్ల చెప్పలేదు. చెప్పదలచిన పామరులను అడిగినవారు లేరు. అయితే జవాబు దొరకలేదన్న చిన్న కారణంతో శిక్షను ఆపి ఉంచడం నాగరిక రాజ్యాల లక్షణం కాదు. అందుచేత మన కథ జరిగిన రాజ్యంలో చట్టమే ఒక సులభమార్గం కనిపెట్టింది. తూకం తగ్గిన నాణెం ఏ చేతిలో దొరికిందో ఆ చెయ్యే దాన్ని తగ్గించినట్టు లెక్క. చెయ్యి అంటే కుడిచెయ్యి. ఎడమచేతివాటం వారికి ఈ విషయంలో దక్కుతున్న అనుచిత లాభం గురించి ఒక ఉపసంఘం నేటికీ దీర్ఘంగా ఆలోచిస్తూనే ఉంది.

ఈ చట్టాన్ని అమలుపరచే భారం అంచుల పరిరక్షణాధికారి భుజాలమీద ఉండేది. జనం ఆయన్ను అంచులదొర అనేవారు. వెనకాల ఇంకేమనేవారో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలన్న కుతూహలమూ లేదు. అధికారికి ఉండవలసిన మొదటి సుగుణం అదే. నాణెం అంచుకు కత్తెర పెట్టి గోటి చివరంత వెండి తీసుకునేవారిని, ఆకురాయితో గీకేవారిని, నాణేలను తోలుసంచిలో పోసి అదేపనిగా కుదిపి అడుగున రాలిన వెండిపొడిని దులుపుకునేవారిని పట్టుకోవడం ఆయన ఉద్యోగం. లంచం ఎరగని మనిషి. చెయ్యి తడపబోయినవారికి ఆ చెయ్యి తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చి పంపించేవారు.

ఆయన కార్యాలయం సంతవీధికి ఎదురుగా, మెట్లెక్కగానే వచ్చే ఒంటిగది. గాలికి పళ్ళేలు ఊగకుండా చుట్టూ అద్దాలు బిగించిన తక్కెడ, ఒక బల్ల, ఒక కుర్చీ. నిందితులు ఎలాగూ నిలబడే ఉంటారు గనుక రెండో కుర్చీ అవసరం ఎవరికీ తోచలేదు. గోడవారగా మూడు తాళాల ఇనప్పెట్టె. రాజ్యంలోని ప్రతి నాణేన్నీ ఏ నాణెంతో పోల్చి తూచాలో ఆ ప్రమాణ నాణెం ఈ పెట్టెలో భద్రంగా ఉండాలని చట్టం. మూడు తాళాలకు ముగ్గురు అధికారులు. వారిలో ఒకాయన ఎప్పుడూ పర్యటనలో ఉండేవారు, ఒకాయన ఎప్పుడూ నిద్రలో ఉండేవారు. మూడో ఆయన తాళంచెవి ఎక్కడ పెట్టారో వెతుకుతూ ఉండేవారు. నాణేన్ని పెట్టెలో పెడితే చట్టం నిలుస్తుంది, పని నిలిచిపోతుంది. అంచులదొర బాగా ఆలోచించి ప్రమాణ నాణేన్ని తన చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఖాళీ పెట్టెకు ఇద్దరు సాయుధులను కాపలా ఉంచారు. ఆ కాపలా ఎంత కట్టుదిట్టమైనదంటే, అన్నేళ్ళలో ఆ పెట్టెలోంచి ఒక్క వస్తువు కూడా పోలేదు.

ఆ నాణెం ఆయనకు పంచప్రాణాలు. ఉదయం లేవగానే సుద్దపొడి అద్ది, మెత్తని తోలుముక్కతో తళతళలాడేదాకా తోమేవారు. బొమ్మవైపు ఏలినవారి ముఖం, బొరుసువైపు రాజముద్ర. ముఖానికి ఎక్కువసేపు, ముద్రకు తక్కువసేపు. రాజభక్తికి ఆ మాత్రం తారతమ్యం ఉండాలి. తక్కినవాళ్ళు ఆలోచనలో పడితే మీసం దువ్వుకుంటారు. అంచులదొర ఆలోచనలో పడితే కుడిచెయ్యి దానంతటదే జేబులోకి పోయి, బొటనవేలు ఏలినవారి ముఖాన్ని ప్రేమగా రుద్దుతూ ఉండేది. ఆయన చాలా ఎక్కువగా ఆలోచించే మనిషి.

“పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను, నా మొహం వంక ఒక్కనాడైనా అంతసేపు చూశారా?” అనేది భార్య.

“నీ మొహంతో రాజ్యాన్ని తూచరు కదే.”

“తూస్తే తెలిసొచ్చేది రాజ్యానికి.”

సెలవురోజుల్లో ఆయన బడులకు వెళ్ళి, శిక్షల చరిత్ర మీద పిల్లలకు ఉపన్యాసాలిచ్చేవారు. “బాలబాలికలారా, మనం ఎంత కరుణామయమైన కాలంలో పుట్టామో గ్రహించండి. పూర్వం ఒక దేశంలో నాణేలు పాడుచేసినవాడి చెయ్యి నరికి, దాన్ని టంకశాల గుమ్మం మీద మేకులతో కొట్టేవారు. గుమ్మానికి అలంకారం, జనానికి హెచ్చరిక, ఒకే ఖర్చుతో రెండు పనులు. ఇంకొక దేశంలో దొంగనాణేలు పోసినవాడిని పెద్ద కాగులో ఉడికించేవారు. కట్టెల ఖర్చు భరించలేక మానుకున్నారని పెద్దలంటారు. మరొకచోట వాడు కరిగించిన లోహాన్ని వాడి గొంతులోనే పోసేవారు. మరి మన రాజ్యంలో? ఒక్క చెయ్యి! రెండో చేతిని ప్రభుత్వం పైసా పుచ్చుకోకుండా మనకే వదిలేస్తోంది!” పిల్లలు ఆ రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేచేవారు. చరిత్ర పట్ల వారిలో ఆసక్తి పెరిగిందని ఉపాధ్యాయులు సంతోషించేవారు.

తోలుసంచి పద్ధతిని అరికట్టడంలో అంచులదొర చూపిన దూరదృష్టిని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. నాణేలను సంచిలో కుదపడం నేరమైనప్పుడు, జేబులో నాణేలతో పరుగెత్తడం మాత్రం ఏమిటి? కుదపడమే. కాబట్టి డబ్బు దగ్గర పెట్టుకుని పరుగెత్తరాదని ఉత్తర్వు వెలువడింది. గెంతరాదు. మెట్లు రెండేసి చొప్పున దిగరాదు. తుమ్ము వచ్చే సూచన కనిపించినవారు ముందుగా జేబు ఖాళీ చేసుకోవాలి. ఈ ఉత్తర్వు తరవాత సంతలో ఒక జేబుదొంగ పట్టుబడగా, దొంగతనానికి చిన్న జరిమానా వేసి, కొట్టేసిన సొమ్ముతో పరుగెత్తినందుకు కుడిచెయ్యి తీసేశారు. దాంతో మిగిలిన దొంగలు బుద్ధి తెచ్చుకుని, పని ముగిశాక నిదానంగా, హుందాగా నడిచి వెళ్ళడం నేర్చుకున్నారు. సొమ్ము పోయినవారు సైతం, జేబులో ఇంకా చిల్లర మిగిలి ఉన్న కారణంగా, వారి వెనకాల అంత హుందాగానూ నడిచేవారు. వీధులకు ఇంతటి ప్రశాంతత ఏ కాలంలోనూ లేదని పెద్దలు ఒప్పుకున్నారు.

గుంతల రోడ్డు మీద బండి తోలి నాణేలు కుదిపాడని ఒక బండివాడి మీద అభియోగం వచ్చింది. కుదిపింది తాను కాదని, రోడ్డని అతడు వాదించాడు. రోడ్డు స్థిరాస్తి, కదలనిది దేన్నీ కుదపజాలదని రోడ్ల శాఖ జవాబిచ్చింది. నిజం తేల్చడానికి న్యాయాధికారి స్వయంగా అదే రోడ్డు మీద బండిలో బయలుదేరారు. సగం దారిలో తన జేబులోనూ చిల్లర ఉన్న సంగతి గుర్తొచ్చి, దిగి, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వచ్చి, విచారణను నిరవధికంగా వాయిదా వేశారు.

చేతిలో నాణెం నిలిస్తే చెయ్యి నిలవదన్న భయంతో డబ్బు దాచుకునేవారే లేకపోయారు. పొద్దున వచ్చిన సొమ్మును పొద్దుగూకేలోగా ఎవరికో ఒకరికి అంటగడితేగాని ముద్ద దిగేది కాదు. బిచ్చగాళ్ళు దానం పుచ్చుకునేముందు తక్కెడ ఉందా అని అడగసాగారు. వ్యాపారం ఇంత చురుగ్గా సాగడం చరిత్రలో ఇదే మొదలని కోశాధికారి ప్రకటించారు. అది అక్షరాలా నిజం.

ఇన్ని జాగ్రత్తలు ఫలించక ఏమవుతాయి? ఏటికేడాది నేరాలు తగ్గుతూ వచ్చాయి. మొదట్లో పదిమందిని తూస్తే ముగ్గురు దొరికేవారు. రానురాను ఊరంతా గాలించినా ఒకరు దొరకడం గగనమైంది. ఎంత అరిగిన నాణెం తెచ్చి వేసినా ప్రమాణ నాణెంతో సరితూగేది. ఒక్కొక్కటి కాస్త బరువుగానే దిగేది. చట్టభయం వల్ల జనం నీతిమంతులయ్యారని తేలిపోయింది. ఈ శుభపరిణామానికి బాధపడినవాడు రాజ్యం మొత్తంలో ఒక్కడే: హస్తచ్ఛేదన నిర్వాహకుడు. అతడికి జీతం లేదు, చేతికి ఇంత అని కూలి.

“అయ్యా, కత్తి తుప్పు పడుతోంది. కనీసం నెలకొక చెయ్యైనా ఇప్పించండి,” అని అతడొకనాడు వచ్చి మొరపెట్టుకున్నాడు.

“నీ కత్తి కోసం నేరాలు పుట్టించమంటావా?” అన్నారు అంచులదొర.

“మీ ముందున్న దొరవారు పుట్టించేవారండి. మనసున్న మనిషి.”

ఉన్న నాణేలే ఇంత నీతిగా తిరుగుతూంటే కొత్తవెందుకని టంకశాలలో చాలాకాలంగా అచ్చుపని ఆపేశారు. ఆ ఏడు ఏలినవారి పాలనకు రజతోత్సవం వచ్చింది. కొత్త నాణేలు వెయ్యక తప్పలేదు. టంకశాల పెద్ద అచ్చులు దించి, నిప్పులు రాజేసి, పని మొదలుపెట్టాడు. అతడు అంచులదొరకు స్వయానా బావమరిది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. శనగబద్దంత ఇనుము మీద ఏలినవారి ముఖాన్ని కనురెప్పలతో సహా చెక్కగల చెయ్యి అతడిది. ఆ చెయ్యి తప్ప అతడికి వేరే ఆస్తి లేదు, వేరే అహంకారమూ లేదు.

మొదటి నాణెం అంచులదొర తక్కెడలో పడగానే పళ్ళెం టక్కున కిందికి దిగింది. రెండోదీ అంతే. గంప మొత్తం అంతే. ఒక్కొక్కటి ప్రమాణం కన్నా కొట్టొచ్చినట్టు బరువు. టంకశాలకు వర్తించే చట్టంలో నేరాన్ని ‘తూకంలో తేడా’ అని నిర్వచించారే తప్ప ఎటువైపు తేడా అని చెప్పలేదు. టంకశాల పెద్దను విచారణకు పిలిచారు. నిపుణుల సంఘం నివేదిక ఇచ్చింది: “తక్కువ వెండి వేసినవాడి ఉద్దేశం ఎవరికైనా అర్థమవుతుంది. ఎక్కువ వెండి వేసినవాడి ఉద్దేశం ఎంత ఆలోచించినా అర్థం కాదు. కాబట్టి ఇది మరింత ఘోరమైన నేరం. చెందవలసినదానికంటె ఎక్కువ ఇచ్చి ప్రజలను చెడగొట్టే కుట్ర దీని వెనుక ఉన్నట్టు కనబడుతోంది.” శిక్ష ఖాయమని అందరికీ తెలిసిపోయింది. మర్నాడు రాజసభ ఆమోదముద్ర పడడమే తరువాయి.

ఆ మధ్యాహ్నం బావమరిది అక్క ఇంటికి వచ్చాడు. అంచులదొర భోజనం బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. కంచం ఖాళీ. అంతకుముందే భార్య అందులో ఏమీ వడ్డించనని చెప్పి ఉంది.

“కూర్చోరా,” అంది అక్క.

“కూర్చోవడానికి రాలేదక్కా. మీ కత్తివాడు పొద్దున టంకశాలకు వచ్చాడు బావా. నా మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసి, ‘మంచి ఎముక సార్, ఒక్క వేటులో వస్తుంది, మీకేం శ్రమ ఉండదు’ అని ఎంతో మర్యాదగా చెప్పి పోయాడు. పాపం, చాలా రోజుల తరవాత పని దొరికింది కదా, మొహం వెలిగిపోతోంది.”

“ఎక్కువ వెండి ఎందుకేశావురా?” అన్నారు అంచులదొర.

“వెయ్యలేదు బావా. మా తాత వాడిన తూనికరాళ్ళే, మా నాన్న వాడిన తూనికరాళ్ళే. ఎప్పుడూ వేసే తూకమే వేశాను.”

“అంటే నా ప్రమాణ నాణెం తగ్గిందంటావా?”

“నేనలా అనలేదు. మీ తక్కెడ అంటోంది.”

అంచులదొర జేబులోంచి నాణెం తీసి బల్లమీద పెట్టారు. కిటికీ ఎండలో అది చుక్కలా మెరిసింది. భార్య వంగి చూసింది. తమ్ముడి దగ్గర నుంచి కొత్త నాణెం ఒకటి అడిగి తీసుకుని పక్కన పెట్టి మళ్ళీ చూసింది.

“ఏమండీ, ఇందులో ఏలినవారికి ముక్కేదీ?”

“ఉందే. అదిగో.”

“అది నా వేలి నీడ. ముక్కు లేదు. కళ్ళు లేవు. చెవి ఉండాల్సినచోట ఏదో ఉంది కానీ, అది చెవని ఒట్టేసి చెప్పలేను.”

“ప్రశాంతంగా ఉన్నారు,” అన్నారు అంచులదొర నీరసంగా. “ఏటేటా మరింత ప్రశాంతంగా కనిపిస్తున్నారనే అనుకున్నాను.”

“రోజూ తోమితే ఇత్తడి గిన్నెకే అడుగు పోతుంది. మీరు పొద్దున తోముడు, పగలంతా బొటనవేలితో రుద్దుడు. ఆయన ముక్కు మీ తోలుముక్కకు అంటుకుని పోయింది. రాజ్యంలో అందరికంటె ఎక్కువ వెండి అరగదీసిన మనిషి నా ఇంట్లో కూర్చుని ఉన్నాడన్నమాట. ఇన్నాళ్ళూ దొంగలు దొరక్కపోవడం మీ ప్రతాపమేనా?”

అంచులదొర కుడిచేతిని బల్ల కిందికి దాచుకున్నారు. దాన్ని అంత శ్రద్ధగా ఆయన అంతకుముందెన్నడూ దాచుకోలేదు.

“రేపు సభలో ఉన్నమాట చెప్పండి,” అంది భార్య.

“చెబితే నా చెయ్యి పోతుందే.”

“చెప్పకపోతే వాడి చెయ్యి పోతుంది. వాడు చేతితో బతుకుతున్నాడు. మీరు బతికేది నోటితోనేగా?”

“అక్కా, అలా అనకు,” అన్నాడు తమ్ముడు. “బావ సంతకాలు కూడా పెడతాడు.”

మర్నాడు సభలో అంచులదొర లేచి నిలబడ్డారు. ఆయన నిజాయతీపరుడు, పైగా భార్య మూడు పూటలుగా వంట చెయ్యలేదు. “అధ్యక్షా, కొత్త నాణేలు పెరగలేదు. ప్రమాణ నాణెమే అరిగింది. అరగదీసింది...”

“ఆగండి,” అన్నారు సభాధ్యక్షులు. ఆయన గొంతు వింటే గంభీరంగా ఉంటుంది, విషయం ఏమైనా సరే. “ప్రమాణ నాణెం ఎంత తూగితే అదే ప్రమాణమని చట్టం. అది తగ్గిందని చెప్పాలంటే దేనితో పోల్చి చెబుతారు? దానితోనే పోల్చాలి. దానితో దాన్ని పోలిస్తే అది ఎప్పుడూ సరిగ్గా దానంతే ఉంటుంది. కాబట్టి అది అరగలేదు. అరగజాలదు. అంచుల పరిరక్షణాధికారి మాటలను సభ అతివినయంగా భావించి కొట్టివేస్తోంది.”

“అధ్యక్షా, దానికి ముక్కు...”

“ఏలినవారి ముఖం గురించి ఈ సభలో చర్చ నిషిద్ధం.”

అప్పుడు కోశాధికారి లేచారు. ఆయన కళ్ళల్లో మెరుపు. ప్రమాణం సరిగ్గానే ఉన్నట్టయితే, కొత్త నాణేలేమిటి, కోశాగారంలో మూలుగుతున్న పాత నాణేలు కూడా ప్రమాణం కంటె బరువే. అంటే రాజ్యం తనకు తెలియకుండానే ధనవంతమైంది! సభలో కలకలం. నిన్నటి దాకా కుట్ర అనిపించింది ఈ రోజు అభివృద్ధి అనిపించింది. నిపుణుల సంఘం ఉన్నపళంగా పాత నివేదికను వెనక్కి తీసుకుని, కొత్త నివేదిక సమర్పించింది: మంచి పోషణ ఉన్న ఇంట్లో పిల్లలు బరువెక్కినట్టే సుపరిపాలన ఉన్న రాజ్యంలో నాణేలు బరువెక్కుతాయి. టంకశాల పెద్దను నిర్దోషిగా విడిచిపెట్టడమే కాక, నాణేలను పుట్టుకతోనే బలంగా కన్నందుకు పతకం ఇచ్చారు. కత్తివాడు మాత్రం గుమ్మం దగ్గర కంటతడి పెట్టుకున్నాడు. కత్తికి సాన పట్టించిన ఖర్చు అతడికి ఎవరూ ఇవ్వలేదు.

ఆ పూట ఇంట్లో వంట అయింది. రెండు చేతులు మిగిలిన ఆనందంలో బావా బావమరిదీ పోటీపడి తిన్నారు.

కొద్దిరోజులకు నాణేలు పెరిగిన శుభసందర్భాన ప్రజాభినందన సభ జరిగింది. ఎవరైనా లేచి ప్రభుత్వాన్ని మెచ్చుకోవచ్చు. పువ్వులు పరిచిన బల్లమీద, అద్దాల మధ్య, తక్కెడను ప్రదర్శనకు ఉంచారు. పొగడ్తలు ముగింపుకు వస్తుండగా వెనక వరసలోంచి ఒక ఆడమనిషి లేచి ముందుకు నడిచి వచ్చింది. ఆమె పక్కన భర్త, ఊళ్ళో దర్జీ. అతడి చొక్కా కుడిచేతిని మోచేతి కింద మడిచి కుట్టేశారు. కుట్టు కాస్త వంకరగా ఉంది. ఎడమచేత్తో కుట్టినది కదా.

“నేనూ మెచ్చుకోవడానికే వచ్చానండి,” అంది ఆమె. “ఒక్కసారి ఈ నాణెం తూచి పెడతారా?”

అది ఆ దర్జీ చేతికి కారణమైన నాణెం. ఒక చొక్కా కుట్టినందుకు ఎవరో ఇచ్చినది. తూకం తగ్గిందని ఆనాడు చెయ్యి తీసేసినా, నాణెం నిందితుడి సొంత సొమ్ము గనుక ప్రభుత్వం దాన్ని ముట్టుకోకుండా తిరిగి ఇచ్చేసింది. పరుల సొమ్ము ఆశించే ప్రభుత్వం కాదది. అంచులదొర దాన్ని ఒక పళ్ళెంలో వేసి, ప్రమాణ నాణేన్ని రెండో పళ్ళెంలో వేశారు. దర్జీ నాణెం కిందికి దిగింది. సభ హర్షధ్వానాలు చేసింది.

“చూశావా అమ్మా, పెరిగింది!” అన్నారు సభాధ్యక్షులు.

“ఎక్కడ పెరిగిందండి?”

“మీ ఇంట్లోనే. మీ దగ్గరే కదా ఉన్నది.”

“మా ఇంట్లో పెరిగేందుకు ఏముందండి? ఏం తిని పెరిగింది?”

“సుపరిపాలన, తల్లీ, సుపరిపాలన!”

“మంచిదండి. అదే ఇంట్లో, అదే పాలనలో, ఈయన చెయ్యి కూడా ఉంది. నాణెం పెరిగిందిగా. మరి ఇదెందుకు పెరగలేదు?”

దర్జీ సిగ్గుపడి, “ఊరుకోవే, పెద్దవాళ్ళు,” అని గొణిగాడు. సభాధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. చాలా లోతైన ప్రశ్న అన్నారు. ప్రభుత్వం దీన్ని తేలిగ్గా తీసుకోదన్నారు. చెయ్యి పోయినవారి మణికట్లను ఏటా కొలిచి, పెరుగుదల నమోదు చెయ్యడానికి ఒక శాశ్వత సంఘం వేస్తున్నామని, పెరుగుదల కనిపించని పక్షంలో అది రాజభక్తి లోపమా, ఆహార లోపమా అన్నది కూడా అదే సంఘం తేలుస్తుందని ప్రకటించారు. ఆ సంఘానికి అధ్యక్షుడు అంచులదొరేనని వేరే చెప్పనక్కరలేదు. పత్రం సిద్ధమై అంచులదొర ముందుకు వచ్చింది.

ఆమె ఆయన వంక తిరిగింది. “దొరగారూ, ఆ రోజు తూచింది మీరేనా?”

“నేనేనమ్మా.”

“ఇదే ప్రమాణ నాణెంతోనా? ఆనాటికీ ఈనాటికీ ఇది ఇలాగే ఉందా?”

అంచులదొర సభ వైపు చూశారు. ముందు వరసలో భార్య. పక్కన బావమరిది, మెడలో పతకం. సభలో నిజం చెప్పడం ఆయనకు కొత్త కాదు, మొన్ననే చెప్పారు. కానీ మొన్న వినేవారు లేరు, చెప్పడం సులభమైంది. ఇవాళ ఎదురుగా ఒక మనిషి నిజంగానే వింటోంది. భార్య చూపు తిప్పుకుని, తమ్ముడి పతకం వంకరగా ఉందేమోనని సరిచెయ్యసాగింది.

“ఇలాగే ఉందమ్మా,” అన్నారు అంచులదొర. కలం అందుకుని, సంఘం పత్రం మీద కుడిచేత్తో సంతకం చేశారు. చేతిరాత చాలా అందంగా ఉందని పక్కనున్నవారు మెచ్చుకున్నారు.

పాఠకమహాశయులు ఇక్కడ నవ్వుకుని, ఆ రాజ్యం తమది కానందుకు సంతోషించవచ్చు. సంతోషించేముందు చిన్న పని ఉంది. కోడలి నడత, పనివాడి నిజాయతీ, పొరుగింటివాడి కొడుకు చదువు, పేదవాడి ఆకలి వీటన్నిటినీ మీరు రోజూ దేనితోనో పోల్చి, తగ్గాయి, తగ్గాయి అని తీర్పులిస్తున్నారు. ఆ తీర్పులకు ఎవరి చేతులు తెగాయో మీరు వెనక్కి తిరిగి చూడలేదు. ఆ దర్జీ భార్య జవాబు కోసం ఇంకా నిలబడే ఉంది. మీరు జేబులో పెట్టుకుని ముద్దుగా తోముకుంటున్నదాన్ని తీసి, ఆమె ముందు తక్కెడలో వెయ్యండి. దాని మీద ముఖం ఎంత మిగిలిందో ఆమెకు చూపించండి. వంకలు వద్దు, వాయిదాలు వద్దు. తియ్యండి.